శిబి త్రాసులో కీచురాయి

హింసను గురించి భారతీయ చింతన చేసిన సుదీర్ఘ విచారణలో యజ్ఞపశువుకు, మాంసాహారానికి, వేటకు, యుద్ధానికి దక్కినంత చోటు పెంపకానికి దక్కలేదు; అందులోనూ, మరో ప్రాణిని చంపి తినడం తప్ప వేరే బతుకు తెలియని ప్రాణిని కేవలం ముచ్చటకోసం ఇంట్లో పెట్టుకుని, దానికి సజీవమైన ఎరను చేతులారా అందించే మనిషి ధర్మం ఏమిటన్న ప్రశ్న మరీ పక్కకు పోయింది. పిల్లి, కుక్క, డేగ విషయంలో ఈ ప్రశ్న మసకబారడానికి కారణం ఉంది. పిల్లి ఎలుకల్ని పడుతుంది, కుక్క ఇల్లు కాస్తుంది, డేగ ఒకప్పుడు రాజుల వేటకు పనికొచ్చింది. ప్రయోజనమన్న మాట ఏదో ఒకటి యజమానికీ ప్రశ్నకూ మధ్య అడ్డు నిలుస్తుంది. గొల్లభామను పెంచేవాడికి ఆ అడ్డు లేదు. అది కాపలా కాయదు, పాలివ్వదు, పిలిస్తే పలకదు, ఏడాది తిరక్కుండా చచ్చిపోతుంది. కనుక ప్రశ్నను ఏ సాకూ కలవకుండా పరిశీలించడానికి ఈ పెంపకాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

గొల్లభామ అన్న పేరు కొన్ని ప్రాంతాల్లో పచ్చమిడతకూ చెల్లుతుంది గాని, ఇక్కడ ఉద్దేశించినది మాంటిస్ అని లోకం పిలిచే పురుగును. ముళ్లున్న ముంగాళ్లను ముడిచి రొమ్ముకు ఆనించుకుని, కొమ్మమీద కదలక మెదలక కూర్చుని, అందుబాటులోకి వచ్చిన ఈగనో చిమ్మటనో రెప్పపాటులో ఒడిసిపట్టి, బతికుండగానే నమిలి తినే ఈ పురుగుల్లో సుమారు 2,400 జాతులున్నాయి. లిన్నేయస్ 1758లో యూరప్ జాతికి భక్తురాలన్న అర్థం వచ్చే పేరు పెట్టిన నాటినుంచి, చేతులు జోడించిన హంతకి అన్న చమత్కారాన్ని రచయితలు అరగదీశారు. దాన్ని మళ్లీ తోమాల్సిన పని లేదు. యూరప్, అమెరికా, జపాన్‌లలో వీటిని పెంచేవారు చాలామంది ఉన్నారు. వారు ఇష్టపడే జాతుల్లో ఆసియా పెద్ద గొల్లభామ, ఆగ్నేయాసియాలో పూరేకులా కనిపించే ఆర్కిడ్ మాంటిస్, ఆఫ్రికాలో ఎండుటాకులా ఉండే ఘోస్ట్ మాంటిస్, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ సహజంగా దొరికే వయొలిన్ మాంటిస్ ముఖ్యమైనవి.

పెంపకం చెప్పుకున్నంత తేలిక కాదు. పురుగు పొడవుకు కనీసం మూడు రెట్ల ఎత్తుండే పెట్టె కావాలి, పైన వల ఉండాలి. ఎందుకంటే గొల్లభామ కుబుసం విడిచేటప్పుడు తలకిందులుగా వేలాడుతూ పాత చర్మంలోంచి కిందికి జారుతుంది, ఆ సమయంలో పట్టు తప్పినా చోటు చాలకపోయినా కాళ్లు వంకరపోయి చాలావరకు చనిపోతుంది. గాలిలో తేమ తగ్గకుండా నీళ్లు చిలకరించాలి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలకు దోమంత ఉండే పండ్ల ఈగలు, కాస్త ఎదిగాక ఇంటి ఈగలు, ఆ తర్వాత కీచురాళ్లు, బొద్దింకలు వేయాలి. ఆ ఎరను ఎవరైనా పెంచవలసిందే: సీసాల్లో గుజ్జు వేసి, ఎగరలేని జాతి ఈగలను తరాలుగా పొదిగించాలి, డబ్బాల్లో బొద్దింకలను మేపాలి. అందువల్ల గొల్లభామను పెంచే ఇంట్లో నిజానికి రెండు పెంపకాలు సాగుతుంటాయి, వాటిలో ఒకదానికే ముద్దుపేర్లు ఉంటాయి.

ఆ ఒక్కదానికే ముద్దు దక్కడానికి ప్రధాన కారణం దాని చూపు. చాలా కీటకాల తల ఇంత స్వేచ్ఛగా తిరగదు. గొల్లభామ తన ముక్కోణపు తలను అటూ ఇటూ తిప్పి కదిలేదాన్ని వెంబడిస్తుంది. పెట్టె ముందు మనిషి ఎటు జరిగితే అటు దాని కంట్లో ఒక నల్లచుక్క జరుగుతూ, సూటిగా అతనివైపే చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ చుక్క కనుపాప కాదు. కీటకాల సంయుక్త నేత్రం వేల కొద్దీ సన్నని గొట్టాల కూర్పు. వాటిలో సరిగ్గా చూసేవాడివైపు తిరిగి ఉన్న గొట్టాలు ఆ దిశనుంచి పడ్డ వెలుగును మింగేస్తాయి గనుక అక్కడ నలుపు కనబడుతుంది, మిగతా గొట్టాల గోడలు వెలుగును తిప్పికొడతాయి గనుక చుట్టూ పచ్చగా కనబడుతుంది. చూసేవాడు జరిగితే ఆ పని పక్క గొట్టాలకు మారుతుంది. శాస్త్రం దీన్ని మిథ్యా కనుపాప అంటుంది. అంటే పురుగు తననే చూస్తోందన్న భావనకు కారణం చూసేవాడు నిలబడ్డ చోటు మాత్రమే. అద్వైతులు అధ్యాస అనే మాటతో సూచించేది, అంటే ఒకదాని ధర్మాన్ని మరొకదాని మీద ఆరోపించడం, ఇంతకంటే స్పష్టంగా గాజుపెట్టెలో దొరకదు. అయితే వ్యవహారం అక్కడితో తేలిపోదు, ఎందుకంటే గొల్లభామ నిజంగానే చూస్తుంది. రెండు కళ్లకు అందే దృశ్యాల తేడానుంచి అది దూరాన్ని లెక్కగట్టగలదని శామ్యూల్ రోసెల్ 1983లో నిరూపించాడు. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జెన్నీ రీడ్ బృందం 2016లో తేనెమైనంతో బుల్లి రంగుటద్దాలు అంటించి, తెరమీద బొమ్మ ముందుకు వచ్చినట్టు కనబడితే అది ముంగాళ్లు చాచి కొడుతుందని చూపింది. పెంపకందారు ప్రేమకు ఒక ఆధారం భ్రమ, మరొకటి సత్యం. రెండూ ఆ ఒక్క పురుగుకే ఉపకరించాయి. కీచురాయి ముదురు కళ్లలో అలాంటి చుక్క ఏదీ కనబడదు.

పెంపకందారుకు వెంటనే దొరికే సమాధానం అందరికీ తెలిసినదే: జీవికి జీవే ఆహారం, అది సృష్టి నియమం, మధ్యలో మనిషిదేముంది? ఈ భావం భాగవతం ప్రథమస్కంధంలో ఉంది గాని, అక్కడ దాన్ని నారదుడు ఏ సందర్భంలో పలికాడన్నది గమనించాలి. ధృతరాష్ట్రుడు, గాంధారి చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచిపోగా, తన ఆసరా లేకుండా వారు ఎలా బతుకుతారోనని ధర్మరాజు కుమిలిపోతుంటే, లోకస్థితి ఇదని చెప్పి అతన్ని ఊరడించడానికి అన్న మాట అది. ఊరడింపును అనుమతిగా చదవడం వీలు కాదు. వనపర్వంలో మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు కౌశికుడికి చేసిన బోధ మరికొంత బలమైన సాకుగా కనిపించవచ్చు. నాగలి దున్నితే ఎన్నో ప్రాణులు చస్తాయని, నడిచినా కూర్చున్నా హింస తప్పదని, పూర్తి అహింస ఎవరికీ సాధ్యం కాదని అతను వాదిస్తాడు. కాని అతని వాదానికి పునాది తాతముత్తాతలనుంచి వచ్చిన వృత్తి. పైగా అతను స్వయంగా చంపడు, మాంసం తినడు. తప్పించుకోలేని హింసను గురించి చెప్పిన మాటను, కోరి తెచ్చుకున్న హింసకు తొడగడం కుదరదు. నాగలి పట్టినవాడు వానపాము కోసం దున్నడు; గొల్లభామ పెట్టెలో కీచురాయిని వేసేవాడు మాత్రం సరిగ్గా ఆ కీచురాయి చావడం కోసమే వేస్తాడు.

ఇంకొక కోణం కూడా ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగే స్థితిని అర్థశాస్త్రమూ శాంతిపర్వమూ మత్స్యన్యాయం అంటాయి. దాన్ని అరికట్టడానికే రాజు పుట్టాడని రెండింటి సిద్ధాంతం. గాజుపెట్టెకు రాజు పెంపకందారే. ఎవరు లోపలికి వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో, పారిపోవడానికి సందు ఉండాలో అక్కర్లేదో అతనే నిర్ణయిస్తాడు. అడవిలో కీచురాయికి ఆకు చాటు ఉంది, చీకటి ఉంది, ఎగిరి దూకే అవకాశం ఉంది. పెట్టెలో అవేమీ లేవు. కాబట్టి అక్కడ సాగేది ప్రకృతి నియమమని చెప్పడం సగం నిజమే. గొల్లభామ చేసేది ప్రకృతి. పెట్టె చేసేది మనిషి. శ్రీకాళహస్తి స్థలపురాణంలో సాలెపురుగు పాముతోనూ ఏనుగుతోనూ సమంగా శివసాయుజ్యం పొందింది. అది ఏ ఈగలను తిని బతికిందన్న లెక్క దాని ముక్తికి అడ్డు రాలేదు. తెలుగు భక్తికి వేటాడే పురుగు మీద ఎప్పుడూ ఫిర్యాదు లేదు, ఈ వ్యాసానికీ లేదు. విచారణ అంతా మూత తీసి ఎర వేసే చేతి మీదనే.

ఆ చేతిని అర్థం చేసుకోవడానికి మహాభారతం ఇచ్చిన అతి పదునైన కథ డేగ, పావురం కథ. భారతంలోనే ఒకచోట అది ఉశీనరుడి పేర, మరొకచోట అతని కుమారుడు శిబి పేర వస్తుంది; తెలుగువారికి శిబి చక్రవర్తి కథగానే పరిచయం. శరణు జొచ్చిన పావురాన్ని రాజు కాపాడితే, డేగ తన ఆహారాన్ని లాక్కున్నావని నిలదీస్తుంది. తాను చస్తే తన పెళ్లాంపిల్లలు చస్తారని, ఒకరి ధర్మాన్ని చెడగొట్టే ధర్మం ధర్మమే కాదని వాదిస్తుంది. వేటాడే ప్రాణి పక్షాన ఇంత గట్టి వాదం మన సాహిత్యంలో అరుదు. తర్వాత రాజు తన తొడ కోసి త్రాసులో వేశాడని అందరూ చెబుతారు. కాని ఉశీనరుడి కథలో, ఆ రెండింటి మధ్య, జనశ్రుతిలో తరచు జారిపోయే ఒక ఘట్టం ఉంది: రాజు మొదట ఎద్దునో, పందినో, లేడినో, దున్ననో వండించి పెడతానంటాడు. డేగ ఒప్పుకోదు. అప్పుడుగాని త్రాసు రాదు.

ఈ మధ్య ఘట్టంలోనే మనిషి సహజస్వభావం బయటపడింది. తాను ముద్దు చేసిన ప్రాణిని కాపాడాలి, వేటాడేదాని ఆకలీ తీరాలి; రెండూ కుదరాలంటే ఎదురుగా లేని మూడో ప్రాణి ఏదో ఒకటి ఆ ఖరీదు చెల్లించాలి. మహారాజుకు కూడా ముందు తోచింది అదే. ఆర్యశూరుడి జాతకమాల మొదటి కథలోనూ ఇదే మలుపు కనబడుతుంది: ఆకలితో తన కూనలనే తినబోతున్న ఆడపులిని చూసిన బోధిసత్వుడు, ముందు ఏదైనా ఆహారం వెతికి తెమ్మని శిష్యుణ్ణి పంపుతాడు, అతను వెళ్లాక, తన శరీరం ఉండగా ఇంకొకరి మాంసం వెతకడమేమిటని తన్ను తాను ప్రశ్నించుకుంటాడు. రెండు సంప్రదాయాల్లో, రెండు కథల్లో, త్యాగానికి ముందు ఒక బదిలీ ప్రయత్నం ఉంది, ఆ ప్రయత్నం విఫలం కావడమే కథకు ప్రాణం. గొల్లభామను పెంచేవాడు రాజు మొదటి ప్రతిపాదన దగ్గరే ఆగినవాడు, అతని డేగ ఆ బేరానికి ఒప్పుకుంది. అతన్ని తొడ కోసుకోమని ఎవరూ అనరు, అది వెర్రి. అయితే తాను చేస్తున్నది జీవకారుణ్యమని అతను అనుకుంటే, ఆ కారుణ్యానికి మూల్యం ఎవరి ఒంట్లోంచి పోతోందో తెలుసుకుని ఆ మాట అనాలి.

ఈ లెక్కను అత్యంత నిక్కచ్చిగా రాసినవారు జైనులు. హింస అనేది స్వయంగా చేసినా, ఇంకొకరిచేత చేయించినా, చేసినదాన్ని మెచ్చుకున్నా అంటుకుంటుందని వారి సిద్ధాంతం. వీటినే కృత, కారిత, అనుమోదితాలు అంటారు. గొల్లభామకు ఎర వేయడం నిస్సందేహంగా కారితం, అది పట్టిన తీరుకు అబ్బురపడటం అనుమోదితం. గృహస్థులైన శ్రావకులు మానుకోవలసిన 15 వృత్తుల జాబితాలో అసతీపోషణం ఒకటి. 12వ శతాబ్దపు హేమచంద్రుడు యోగశాస్త్రంలో దాన్ని వివరిస్తూ, డబ్బుకోసం గోరువంకలను, చిలుకలను, పిల్లులను, కుక్కలను, కోళ్లను, నెమళ్లను పెంచడాన్నీ, దాసిని పోషించడాన్నీ ఒకే గాటన కట్టాడు. దిగంబర గ్రంథమైన కార్తికేయానుప్రేక్ష పిల్లి వంటి హింస్రజీవుల పెంపకాన్ని ఆయుధాల అమ్మకం పక్కన చేర్చి, అనర్థదండం అంటుంది. అనర్థదండమంటే ఏ ప్రయోజనమూ లేకుండా తెచ్చిపెట్టుకునే పాపం. అవసరం ఉన్న హింస కంటే అవసరం లేని హింసను ఎక్కువ తప్పుగా ఎంచిన ఈ పద్ధతి ముందు, ముచ్చటకోసమేనన్న సమర్థన నేరాన్ని ఒప్పుకోవడంతో సమానమవుతుంది.

అదే జైన శాస్త్రం కీటకాలను వర్గీకరించిన తీరు మాత్రం పెంపకందారు దగ్గర చిక్కుల్లో పడుతుంది. తత్త్వార్థసూత్రం ప్రాణులను ఇంద్రియాల సంఖ్యనుబట్టి పేర్చి, తేనెటీగ వంటివాటికి స్పర్శ, రుచి, వాసన, చూపు అనే నాలుగే ఉన్నాయంటుంది. గొల్లభామ ఆ తరగతిలోకే రావాలి. కాని డేవిడ్ యేగర్, రోనాల్డ్ హోయ్ 1986లో ప్రకటించిన ప్రకారం గొల్లభామకు చెవి ఉంది, అదీ ఒక్కటే, రొమ్ము అడుగుభాగంలో, వెనక కాళ్ల మధ్య చీలికలో. మనిషికి వినిపించని గబ్బిలాల కూతలను అది పట్టుకుంటుంది. ఇంకా, అయిదు ఇంద్రియాల కంటే తక్కువ ఉన్న ప్రాణులన్నీ తల్లిదండ్రులు లేకుండా పుట్టేవని, అవి నపుంసకాలని ఆ శాస్త్రం భావించింది. పెంపకందారు పొట్ట అడుగు కట్లను లెక్కపెట్టి, ఆరుంటే ఆడది, ఎనిమిదుంటే మగదని తేల్చి జతకడతాడు. ఇవి చిన్న తేడాలు కావు. అయినా హింసాలక్షణాన్ని జైనులు ఇంద్రియాల లెక్కమీద నిలబెట్టలేదు, ఏమరుపాటుతోనూ రాగంతోనూ కూడిన క్రియమీద నిలబెట్టారు. కనుక జీవశాస్త్రం సవరణకు లోనైనా ధర్మనిర్ణయం చెక్కుచెదరలేదు.

పురుగుకు నొప్పి తెలుస్తుందా అన్న ప్రశ్నను తప్పించుకోవడం సాధ్యం కాదు. చిత్రమేమిటంటే ఈ చర్చలో గొల్లభామ ఒకప్పుడు సాక్షిగా నిలబడింది: కీటకాలకు నొప్పి లేదని వాదించిన 1984 నాటి ఒక ప్రసిద్ధ సమీక్షలో ఐస్‌మన్, అతని సహచరులు, ఆడది తనను తింటున్నా జతకట్టడం ఆపని మగ గొల్లభామను ఉదాహరణగా చూపారు. కెనెత్ రోడర్ 1935లోనే ఇందుకు వేరే కారణం చెప్పాడు. తలలోని ఒక నాడీగ్రంథి జతకట్టే కదలికలను అణచిపెడుతుంది, తల పోతే ఆ అదుపు పోతుంది, దాంతో శరీరం మరింత జోరుగా ఆ పని చేస్తుంది. దీన్నిబట్టి నొప్పి ఉందనీ లేదనీ తేల్చలేం. 2022లో మటిల్డా గిబ్బన్స్, లార్స్ చిట్కా తదితరులు ఎనిమిది గీటురాళ్లు పెట్టుకుని కీటకాల్లోని పెద్ద వర్గాలను పరిశీలించగా, ఎదిగిన ఈగలూ బొద్దింకలూ ఆరింటిని దాటాయి; కీచురాళ్ల వర్గానికి అంతకంటే తక్కువ ఆధారాలు దొరికాయి. గొల్లభామల వర్గం ఆ సమీక్షలోనే లేదు. అంటే నేటి విజ్ఞానం ప్రకారం, ముద్దుపేరు పెట్టుకున్న పురుగు వేదనకంటే, దానికి ఆహారంగా వేసిన ఈగ వేదనకే సాక్ష్యం గట్టిగా ఉంది.

గొల్లభామ పెంపకానికి ఆద్యుల్లో ఒకరనదగిన ఫ్రెంచి కీటకశాస్త్రజ్ఞుడు జాఁ-ఆఁరి ఫాబ్ర్ దగ్గర ఈ విషయం మరో రూపంలో కనబడుతుంది. దక్షిణ ఫ్రాన్సులో సెరిఞాన్ ఊళ్లోని తన తోటలో, ఇసుక నింపిన పళ్లేల మీద తీగవల మూతలు బోర్లించి, లోపల ఎండిన థైమ్ కొమ్మ, గుడ్లు పెట్టుకోవడానికి ఒక చదునురాయి ఉంచి ఆయన ఈ పురుగులను సాకాడు. మిడతలను పట్టి తెచ్చిన ఊరి పిల్లలకు రొట్టెముక్కలు, పుచ్చకాయ ముక్కలు కూలిగా ఇచ్చాడు. ఒకే ఆడది రెండు వారాల్లో ఏడుగురు మగవాళ్లను తినేయడం చూశానని ఆయన రాసిన మాట లోకమంతా పాకింది. తర్వాతివారు దాన్ని స్త్రీ స్వభావానికి ప్రతీకగా మార్చారు. రోజె కైవా 1934లో దానిమీద ఏకంగా ఒక పురాణశాస్త్రమే కట్టాడు. అయితే లిస్కే, డేవిస్ 1980లలో చైనా గొల్లభామలను కడుపునిండా మేపి, మనుషుల అలికిడి లేకుండా కెమెరాతో చూడగా, మగది లయబద్ధంగా నాట్యం చేయడం కనబడింది గాని తలలు తెగడం కనబడలేదు. మగది అంత అమాయకంగా చావుకు ఎదురెళ్లదని, ఆకలిగొన్న ఆడదాని వద్దకు మరింత జాగ్రత్తగా, నెమ్మదిగా వెళ్తుందని లెలిటో, బ్రౌన్ 2006లో చూపారు. ఆరుబయట ఇది జరగదని కాదు. పోర్చుగల్ పొలాల్లో చేసి 1992లో ప్రచురించిన పరిశీలనలో దాదాపు మూడోవంతు జతలలో జరిగింది. కాని వలమూత కింద మగదానికి వెనక్కి ఎగిరిపోయే దారి లేదు. ఫాబ్ర్ చూసిన ఏడు చావుల్లో పురుగు స్వభావం ఎంత, మూత వాటా ఎంత అన్నది ఆయన పట్టించుకోలేదు. అంతటి ఓపికగల పరిశీలకుడికే తన పాత్ర కనబడలేదంటే మామూలు పెంపకందారును తప్పుపట్టడం కష్టం.

చైనా తత్త్వవేత్త చువాంగ్‌ట్సు పేరుతో నిలిచిన గ్రంథం నాలుగో అధ్యాయంలో, బండికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డ గొల్లభామ ప్రస్తావన చాలామందికి తెలుసు. వెంటనే దాని పక్కన వచ్చే పులిని సాకేవాడి ప్రస్తావన అంతగా తెలియదు. ఆ మనిషి పులికి బతికున్న జంతువును వేయడు, చంపేటప్పుడు దానికి క్రౌర్యం రేగుతుందని. చచ్చినదాన్నయినా గుండుగా వేయడు, చీల్చేటప్పుడు కోపం పెరుగుతుందని. అక్కడి ఉద్దేశం పాలకుడి దగ్గర మెలగవలసిన తీరును చెప్పడమే అయినా, పెంపకందారుకు అది నేరుగా పనికొచ్చే సంగతి. గొల్లభామ కదలికను చూసి ఎరను పోల్చుకుంటుంది; చచ్చిన ఈగను చిమటాతో పట్టి దాని ముందు ఆడిస్తే తరచు అందుకుంటుంది. ఎరను ముందే తృటిలో చంపి పెట్టవచ్చు. చాలామంది అందుకు వెనుకాడతారు, తమ చేత్తో చంపడం ఇష్టంలేక. జైనుల లెక్కలో అలా వెనుకాడటం వల్ల ఒరిగేదేమీ లేదు. కృతంలో పడవలసిన పద్దు కారితంలో పడుతుంది, అంతే. ఎరకు మాత్రం తేడా ఉంది: తృటిలో పోవడానికీ, కొస నుంచి మెల్లగా నమలబడటానికీ మధ్య ఉన్నంత తేడా. తన చేతులు శుభ్రంగా ఉండాలన్న కోరికను కారుణ్యమనుకోవడం ఈ పెంపకంలో అన్నిటికంటే సులభంగా దొర్లే పొరపాటు.

భారత చట్టం ఈ ప్రశ్నను, బహుశా ఉద్దేశించకుండానే, తాకింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి తప్ప ప్రతి సజీవ ప్రాణీ జంతువేనని నిర్వచించింది. 11వ సెక్షన్‌లో, కేవలం వినోదంకోసం ఒక జంతువును మరో జంతువుకు ఎర అయ్యేలా బంధించడం నేరమంది. పులికి మేకను కట్టేయడం ఆ నిబంధన రాసినవారి మనసులో ఉంది, కీచురాయి లేదు. అయినా అందులోని 'కేవలం వినోదం' అన్న షరతు దగ్గర ఆగి ఆలోచించడం అవసరం. ఆదిపర్వంలో మాండవ్యుడు చేయని దొంగతనానికి కొరత పడ్డాడు; చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపోచ గుచ్చి ఆడుకున్న పాపానికది ఫలితమని యముడు చెబితే, చిన్న తప్పుకు ఇంత శిక్షా అని మండిపడి, 14 ఏళ్ల లోపు చేసినది పాపం కాకూడదని కట్టడి చేసి, యముణ్ణి విదురుడిగా పుట్టమని శపించాడు. శిక్ష ఎక్కువైందన్నాడే గాని, ఆ పని ఆట గనుక తప్పు కాదని మాండవ్యుడు కూడా అనలేదు. చాలామంది ఈ పెంపకంలోకి ఆ వయసులోనే దిగుతారన్నది నిజమే. కొనసాగించేది మాత్రం ఆ గడువు దాటినవారు.

గొల్లభామ పెంపకం కేవలం వినోదమేనా? కాదనడానికి మంచి కారణాలున్నాయి. ఫాబ్ర్ దగ్గరనుంచి జెన్నీ రీడ్ దాకా దీని గురించి తెలిసినదంతా పెంచినవారి వల్లనే తెలిసింది. కుబుసం విడిచే వేళ గంటలపాటు ఊపిరి బిగబట్టి చూసే మనిషి, పురుగు కనబడగానే చెప్పు తీసే మనిషికంటే ధర్మానికి దగ్గరగా ఉన్నాడనవచ్చు. జపాన్‌లో ఇసె రాజ్యంలోని నగషిమా ప్రభువు మసుయామ సెస్సై కీటకాలను బొమ్మలుగా గీయడానికి చంపాడు. వాటికి స్మారకం నిలపాలన్న ఆయన కోరిక మేరకు 1821లో ఒక శిలను ప్రతిష్ఠించారు, తోక్యో ఉయెనోలోని కానెయిజి ఆలయంలో అది నేటికీ ఉంది. శిల చంపడాన్ని రద్దు చేయదు. కాని చచ్చినవి పురుగులేనని దులుపుకోకుండా వాటిని లెక్కలోకి తీసుకున్న మనసు అందులో ఉంది, అది శ్రద్ధతో చూసినందువల్ల పుట్టిందే. అంచేత తీర్పు పెంపకం మొత్తానికి ఒకటిగా ఉండదు. ఆ శ్రద్ధ ఒక పురుగు దగ్గరే ఆగిందా, సీసాలోని ఈగలదాకా వెళ్లిందా అన్నదాన్నిబట్టి మారుతుంది.

ఒక గొల్లభామను తోటలోంచి తెచ్చి దాని ఆయుష్షు తీరేదాకా సాకడం ఒక ఎత్తు, జతకట్టించి సంతానం తీయడం మరో ఎత్తు. ఆడది నురగలా స్రవించి గట్టిపడనిచ్చే గుడ్లగూటిలోంచి పెద్ద జాతుల్లో వందకు పైగా పిల్లలు ఒక్కసారే వేలాడుతూ దిగుతాయి. విడదీయకపోతే ఒకదాన్నొకటి తింటాయి. విడదీస్తే వందకు పైగా డబ్బాలు, వాటికి వేల కొద్దీ ఈగలు కావాలి. అడవిలోనూ వాటిలో ఎక్కువ భాగం చచ్చేవే, కాని అక్కడ వాటిని పుట్టించినవాడు ఎవడూ లేడు. అన్నిటినీ తోటలో వదిలేయడం దయగా కనిపిస్తుంది గాని, పెంపుడు జాతి పరదేశిదైతే అది అన్నిటికంటే చెడ్డ పరిష్కారం. చైనా గొల్లభామ 1896లో ఫిలడెల్ఫియా పరిసరాల్లో కాలుపెట్టి ఈనాడు అమెరికా తూర్పు భాగమంతా పరుచుకుంది. దక్షిణాఫ్రికా జాతి ఒకటి 1978లో న్యూజిలాండ్‌లో కనబడింది, దాని ఆడపురుగుల వాసనకు అక్కడి స్థానిక మగవి ఆకర్షితమై వెళ్లి వాటి నోట పడుతున్నాయి. అందుకే అనుభవజ్ఞులు అదనపు గుడ్లగూళ్లను పొదగకముందే ఫ్రీజర్‌లో పెట్టేస్తారు. అదీ చంపడమేనని ఆక్షేపించవచ్చు, ఆక్షేపణలో బలముంది. అయితే గూడు పొదిగేలోపు దొరికే ఆ కొద్ది వారాల్లో, ఎన్ని పిల్లలను చివరిదాకా సాకగలడో, ఎన్నిటికి మంచి చోటు చూపగలడో, వాటికోసం ఎన్ని ఈగలను పెంచి చంపడానికి సిద్ధంగా ఉన్నాడో పెంపకందారు లెక్కవేసుకోవచ్చు; పిల్లలు దిగాక ఆ లెక్క వేసే వీలు ఉండదు, వెయ్యకపోతే దాన్ని పిల్లలే ఒకదాన్నొకటి తిని తేల్చేస్తాయి.